పట్టు

(ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణము చేసి, పిల్లల పాటలు విన్న తరువాత ఒక ప్రసంగము కూడ వినవలసి రావడము మీకు కొంచెము బరువే. ఆ సంగతి మాకు తెలియును. వేపపువ్వు చేదును బెల్లముతో కలిపి మ్రింగినట్లే దీనిని కూడ ఓర్చుకోవలసినదిగా మనవి. కోవిల్‌పట్టినుండి, విరుదునగరమునుండి, చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చిన కుటుంబములు ఇక్కడ కూర్చున్నవి. వందల ఏండ్ల క్రిందట ఈ కరిసల్ నేలకు వచ్చి స్థిరపడినవారి బిడ్డలు కొందరు. మిల్లులోనో, బ్యాంకులోనో, రైల్వేలోనో ఉద్యోగమని నిన్న మొన్న వచ్చినవారు కొందరు. ఈ ఉభయులకూ పనికివచ్చే మాట ఒక్కటి చెప్పుమని సంఘమువారు మమ్ములను అడిగినారు. "మాట ఒక్కటి" అన్నారు గనుక మేము నిజముగానే ఒక్క మాటను మాత్రము తెచ్చినాము. ఆ మాట "పట్టు".

ఈ మాటనే ఏల తెచ్చినామో ముందుగా చెప్పవలె. మా ఇంట్లో ఆరేండ్ల మనుమరాలు ఉన్నది. బడిలో తమిళము, ఇంట్లో మాతోనూ అవ్వతోనూ తెలుగు. కడచిన దీపావళికి గుంటూరు వైపునుండి మా చుట్టములు వచ్చినారు. వారి ముందు కోవిల్‌పట్టి కడలై మిఠాయి పెట్టినాము. పిల్ల కూడ ఒక ముక్క తీసికొని నమలుతూ, వచ్చినవారిని సంతోషపెట్టవలెనని, "మామయ్యా, నాకు ఇది బాగా పట్టింది" అన్నది. మామయ్య, "ఏమి పట్టింది తల్లీ? దయ్యమా, పిచ్చియా?" అన్నాడు. అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాము. పిల్ల నవ్వలేదు. మిఠాయి ముక్క చేతిలోనే పెట్టుకొని లోపలికి పోయినది. ఆనాటినుండి మేము తెలుగులో అడిగితే ఆమె తమిళములో జవాబు చెప్పుచున్నది.

ఆ నవ్వుకు మేము చెల్లించవలసిన అపరాధము ఒకటి మిగిలి ఉన్నది. అందుచేత ఆ "పట్టింది" అనే మాట ఎక్కడిది, దానికి ఎన్ని అర్థములు, పిల్ల చేసినది ఎంతవరకు తప్పు అని విచారింప మొదలుపెట్టినాము. ఆ విచారణలో దొరికినదే ఈ ప్రసంగము.

తెలుగులో "పట్టు"కు ఉన్నన్ని ఉద్యోగములు మరియొక మాటకు ఉన్నవో లేవో సందేహమే. చేతితో చేసే పని దాని మొదటి అర్థము. తాడు పట్టుతాము, గొడుగు పట్టుతాము, చేపలు పట్టుతాము, హారతి పట్టుతాము. అక్కడినుండి అది వంటింటిలోనికి పోయినది. బిడ్డకు పాలు పట్టుతాము. పిండి మరలో పిండి పట్టించుతాము. బెల్లము కరగించి పాకము పట్టుతాము. మన ఊరి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినదంటే, ఆ పేరు వెనుక వేరుసెనగతోపాటు ఈ పాకము పట్టడము కూడ ఉన్నది. పాకము లేతగా ఉంటే ముక్క సాగుతుంది, ముదిరితే చేదెక్కుతుంది. నిప్పు మీదినుండి దింపే పట్టకారు పట్టే, పేదవానికి పెట్టే పట్టెడన్నమూ పట్టే.

పొలములోనికి పోతే అక్కడా ఇదే. మబ్బు పట్టింది, ముసురు పట్టింది, పూత పోయి పిందె పట్టింది, గింజ పాలు పట్టింది, ప్రత్తికి చీడ పట్టింది. ఇనుముకు తుప్పు, గోడకు చెమ్మ, మనిషికి చెమట పట్టుతవి. మనసులోనికి పోతే అక్కడ దీనికి అదుపే లేదు. నిద్ర పట్టుతుంది, పిచ్చి పట్టుతుంది, పంతము పట్టుతుంది. పాము పగ పట్టిందంటారు. తెలిసిన ముఖమును గుర్తు పట్టుతాము, దొంగ జాడ పట్టుతాము, పద్యమును కంఠతా పట్టుతాము. అర్థము కాకపోతే అంతు పట్టలేదంటాము. రోగి మంచము పట్టినాడంటాము, ప్రయాణికుడు దారి పట్టినాడంటాము. ఒక పనికి గంట పట్టింది, ఒక కుండలో నాలుగు చెంబుల నీళ్ళు పట్టినవి. ఇక్కడ పట్టేది చెయ్యి కాదు, కాలమూ, కుండా.

నామవాచకముగా చూచినా అంతే. మల్లయుద్ధములో పట్టు, వాదములో పట్టు, సంగీతములో పట్టు. నుదుట సొంఠి గంధము పూస్తే పట్టు వేసినామంటాము. తేనెటీగల ఇల్లు తేనెపట్టు, ప్రాణము నిలిచే చోటు ఆయువుపట్టు, మనిషి నిలిచే చోటు ఉనికిపట్టు. ఇందాక "చుట్టుపట్ల పల్లెలు" అన్నాము. మీరు విని ఊరకున్నారు గాని, ఆ మాటలో కూడ ఇది కూర్చునే ఉన్నది.

ఇంతటి మాట ఎక్కడినుండి వచ్చినది? దీని జవాబు మన ప్రక్కింటిలోనే ఉన్నది. తమిళములో "పఱ్ఱు" అనే మాట ఉన్నది గదా. బండి ఱకారమునకు ద్విత్వము. దానికి అర్థము పట్టుకొనుట, అంటుకొనుట. తమిళములో ఇట్లు ఱకార ద్విత్వము ఉన్న కొన్ని మాటలకు తెలుగులో టకార ద్విత్వము కనబడుతుంది. తమిళుల పుఱ్ఱు మన పుట్ట. వారి సుఱ్ఱు మన చుట్టు. వారి సుఱ్ఱము, అనగా బంధువర్గము, మన చుట్టము. అట్లే వారి పఱ్ఱు మన పట్టు. కోవిల్‌పట్టి బజారులో "పుత్తు, సుత్తు" అని పలుకుట మీరు వినే ఉన్నారు. వ్రాతలో ఱకారము, నోటిలో తకారము, మన ఇంట్లో టకారము. మూడు వేషములు, మాట ఒక్కటి.

ఇది మా ఊహ కాదు. తిరునెల్వేలి జిల్లా ఇడైయన్‌గుడిలో చిరకాలము కాపురమున్న కాల్డ్వెల్ 1856లోనే ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణము ప్రకటించినాడు. 1961లో బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువును వెలువరించినారు. ఆ యేడే మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు ధాతువులపై తమ గ్రంథమును వెలువరించినారు. ఆ నిఘంటువులో తమిళ పఱ్ఱును, తెలుగు పట్టును ఒకే కుటుంబము క్రింద చేర్చినారు. అనగా ఈ మాట మనము తమిళులయొద్ద అప్పు తెచ్చుకొన్నది కాదు, వారు మనయొద్ద తీసికొన్నదీ కాదు. ఇద్దరికీ తాతలనాటి ఉమ్మడి ఆస్తి.

ఉమ్మడి ఆస్తి పంపకములో ఒక చిత్రము జరిగినది. పట్టుకొనుటకు ఇంకొక పాత మాట "పిడి". అదీ రెండు భాషలలో ఉన్నది. మనము పిడిని కత్తికి, పిడికిలికి, పిడికెడు బియ్యమునకు ఉంచుకొని, పని చేయుటకు పట్టును పెట్టుకొన్నాము. తమిళులు పనికంతటికీ పిడిని పెట్టుకొని, పఱ్ఱును మనసుకు దాచుకొన్నారు. మనకు మబ్బు పట్టే చోట, పిచ్చి పట్టే చోట, చేపలు పట్టే చోట వారికి పిడి వస్తుంది. ఒక వస్తువు నచ్చిందని చెప్పుటకు కూడ వారికి పిడియే. "ఎనక్కు పిడిచ్చిరుక్కు" అంటారు. మా మనుమరాలు చేసినదేమి? బడిలో విన్న పిడిని తీసి దాని స్థానములో ఇంట్లో విన్న పట్టును పెట్టినది. పండితులు పెద్ద గ్రంథములలో నిరూపించిన బంధుత్వమును ఆ పిల్ల మిఠాయి నములుతూ తనంతట తానే కనిపెట్టినది. దానికి మేము ఇచ్చిన బహుమానము నవ్వు!

పైగా అది పూర్తిగా తప్పని కూడ చెప్పలేము. తిన్న తిండి ఒంటికి హితమైతే మనవారు ఏమంటారు? "ఒంటబట్టింది" అంటారు. చదువు ఒంటబట్టిందంటారు. మిఠాయి నాలుకకు పట్టిందని పిల్ల అంటే ఆ మాట తెలుగు పొలిమేర దాటిపోలేదు. పొలిమేర రాయిమీద కూర్చున్నది. మనముకూడ అక్కడనే గదా కూర్చున్నాము?

ఇక మీలో కొందరికి ఈ పాటికి ఒక ప్రశ్న వచ్చి ఉండవలె. "కోవిల్‌పట్టిలోని పట్టి కూడ ఇదేనా?" అని. చెవికి ఇంపుగా ఉన్నదంతా వ్యుత్పత్తి కాదు. ఊరి పేరులోని పట్టి వేరు. తమిళములో దానికి బండి ఱకారము లేదు, టకారమే. దానికి అర్థము పశువుల దొడ్డి, గొఱ్ఱెల మంద నిలిచే చోటు, ఆపైన చిన్న పల్లె. కన్నడములో అదే హట్టి. కోవిలు ప్రక్కనున్న పల్లె కోవిల్‌పట్టి. విరుదునగరము కూడ ఒకప్పుడు విరుదుపట్టియే. 1903లో కామరాజు పుట్టినది విరుదుపట్టిలో. 1923లో ఆ పేరు విరుదునగర్ అయినది. కనుక ఈ రెండూళ్ళవారమూ పట్టివారమే. ఒకరు పట్టిని ఉంచుకొన్నారు, ఒకరు నగరమునకు మారినారు.

తెలుగు కావ్యభాషలో పట్టి అంటే బిడ్డ. దశరథుని పట్టి అంటే రాముడు. తమిళములో దీర్ఘము పెట్టి పాట్టి అంటే అవ్వ. పడమటి కొండలు దాటి మలయాళ దేశమునకు పోయి పట్టి అంటే కుక్క అని అర్థము. కాబట్టి అక్కడికి పోయి "మీ పట్టి బాగున్నాడా?" అని ఎవరినీ కుశలమడుగవద్దని మా సలహా.

పట్టుచీరలోని పట్టు మూడవది. అది సంస్కృతపు "పట్ట" శబ్దమునుండి వచ్చినది. బట్ట, పట్టీ, పలక, తలకు చుట్టే పాగా, ఇవన్నీ దాని అర్థములు. రాజుకు నుదుట పట్టము కట్టితే పట్టాభిషేకము. రైతుకు భూమి పత్రము పట్టా. ఈ నల్లరేగడిలో పట్టు కట్టినవారు కొద్దిమందే, ప్రత్తి పండించినవారే ఎక్కువమంది. అయినా పెండ్లినాటి పట్టుచీర పెట్టెలో లేని ఇల్లు ఉండదు. ఒకే ధ్వనిలోనికి మూడు దిక్కులనుండి మూడు వాగులు వచ్చి కలిసినవి. ఊరు, వస్త్రము, చెయ్యి.

మన పూర్వులు ఈ నేలకు వచ్చిన కథలోకూడ ఈ ధ్వని వినబడుతుంది. మదుర నాయకుల కాలములో ఈ దేశమును 72 పాళెములుగా పంచినారంటారు. ఒక్కొక్క దానిని పాళెపట్టు అనేవారు. ఎట్టయపురము, పాంచాలంకుఱిచ్చి అటువంటివే. పాంచాలంకుఱిచ్చి ఏలిన కట్టబొమ్మన ఇంటి భాష తెలుగు. 1799లో ఆయనను ఉరితీసిన కయత్తారు మన కోవిల్‌పట్టికి దక్షిణముగా కొద్ది దూరములోనే ఉన్నది. తమిళ దేశమంతా ఆయనను తమవాడని తలకెత్తుకొన్నది. ఆయన మనవాడు కాకుండా పోలేదు. ఇది గమనించదగిన విషయము.

ఇప్పుడు తమిళులు దాచుకొన్న పఱ్ఱు దగ్గరకు వస్తాము. వారికి పఱ్ఱు అంటే ముఖ్యముగా మమకారము. భాషమీద ప్రేమను మొళిప్పఱ్ఱు అంటారు. తిరుక్కుఱళులో సన్యాసమును గూర్చిన అధ్యాయములో చివరిదైన 350వ కుఱళులో, ఆ రెండు పాదములలోనే ఈ మాట ఆరుమార్లు వస్తుంది. అన్ని పట్టులూ విడిచినవాని పట్టును పట్టుకోవలెనని, అదికూడ మన పట్టులు వదలుటకేనని దాని తాత్పర్యము. ఇదే మాట విరుదునగరము వర్తకుల చిట్టాలలో మరియొక పని చేస్తుంది. నూనె, పప్పు, మిరప వ్యాపారము చేసే ఆ ఊరిలో పఱ్ఱు అంటే ఖాతాలో తీసుకొన్న సొమ్ము, వరవు అంటే చెల్లించిన సొమ్ము. వేదాంతికి బంధము, వర్తకునికి బాకీ. రెంటికీ పెద్ద దూరము లేదేమో!

మన తెలుగులో భాషమీద పట్టు అంటే ప్రేమ కాదు, సామర్థ్యము. "వానికి సంస్కృతముమీద మంచి పట్టున్నది" అంటే బాగా వచ్చునని అర్థము. కనుక ఒకే మాటలో తమిళులకు మమకారము దక్కినది, మనకు సామర్థ్యము దక్కినది. ఈ రెండూ కలిస్తేనే భాష నిలుస్తుంది. ఇప్పుడు మన ఇండ్ల సంగతి చూడండి. తెలుగంటే పఱ్ఱు ఉన్నది. ఈ సభకు ఎండలో ఇంతమంది వచ్చుటయే దానికి సాక్ష్యము. కాని పట్టు? ఈ ప్రసంగము రేపు సంచికలో అచ్చయితే, తెలుగు లిపి రాక, ఎవరిచేతనైనా చదివించుకొని వినవలసినవారు మనలో ఉన్నారు. దానికి ఎవరినీ నిందింపబోము. ఈ రాష్ట్రములో బడికి పోయే బిడ్డ తమిళము నేర్వవలసినదే. 2006లో దానికై చట్టముకూడ వచ్చినది. అన్నము పెట్టిన నేల భాషను బాగా నేర్వడము మనకు ధర్మము కూడాను. అయితే విరుదునగరపు చిట్టా ప్రకారము చూస్తే, పెద్దలయొద్ద తెలుగు తీసుకొన్నట్లు మన పేర పఱ్ఱు వ్రాసి ఉన్నది. పిల్లలకు చెల్లించినట్లు వరవు వ్రాసి ఉన్నదా?

పట్టు పట్టి ప్రాణములిచ్చినవారు రెండు వైపులా ఉన్నారు. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరశనకు కూర్చున్నారు. 58 దినములు గడచి డిసెంబరు 15న కన్నుమూసినారు. మరుసటి యేడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. మన విరుదునగరములో శంకరలింగనారుగారు 1956 జూలైలో, మద్రాసు రాష్ట్రమునకు తమిళనాడు అనే పేరు పెట్టవలెనన్న కోరిక మొదలుగాగల కోరికలతో నిరశన పూని, అక్టోబరు 13న అసువులు బాసినారు. ఆ పేరు 1969 జనవరి 14న అమలులోనికి వచ్చినది. ఒకరు తెలుగు పట్టు, ఒకరు తమిళ పఱ్ఱు. ఈ రెండు చరిత్రలూ చదివి రెండింటికీ తల వంచగలిగినవారము మనమే. ఆ భాగ్యము నెల్లూరిలో ఉన్నవారికి ఇంత దగ్గరగా దొరకదు.

అయితే అందరూ ప్రాణములు ఇయ్యనక్కరలేదు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. తెలుగు దేశమునుండి తరలివచ్చిన కుటుంబముల కథను ఆయన 1976లో "గోపల్ల గ్రామము" అనే తమిళ నవలగా వ్రాసినారు. దాని తరువాతిదైన "గోపల్లపురత్తు మక్కళ్"కు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆయన 2021లో పుదుచ్చేరిలో పరమపదించినారు. మేము ఆయనయందు ముఖ్యముగా మెచ్చుకొనేది మరియొక పని. ఈ కరిసల్ నేలలో రైతులు, కూలీలు, అవ్వలు పలికే మాటలను ఏరి ఒక అకారాది కూర్చినారు. పల్లెటూరి మాట తప్పని ఆయన నవ్వలేదు. చెవి ఒగ్గి విని, వ్రాసి పెట్టుకొన్నారు. తమిళమునకు ఆయన చేసిన ఆ పనిని మన ఇంటి తెలుగునకు మనము చేసుకొనవలదా?

కాబట్టి మా విన్నపము చిన్నది. ప్రతి ఇంట ఒక నోటుపుస్తకము పెట్టండి. అవ్వ నోట వచ్చే తెలుగు మాటను, ముఖ్యముగా గుంటూరులోనూ తిరుపతిలోనూ వినబడని మాటను, అందులో వ్రాయండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనే వ్రాయండి. లిపి తరువాత నేర్చుకోవచ్చును. అవ్వ తరువాత రాదు. క్రొత్తగా వచ్చిన ఆంధ్ర సోదరులారా, మీకు అక్షరము వచ్చును. వారమునకు ఒక్క గంట మా పిల్లలకు ఓనమాలు చెప్పండి. మా అవ్వలవద్ద మీ తాతలు మరచిన మాటలు దొరకవచ్చును. బేరము ఇద్దరికీ లాభమే.

చివరగా ఆ మిఠాయి సంగతి. తప్పు పట్టుటకూ, చేయి పట్టుటకూ తెలుగులో ఒకటే మాట. బిడ్డ అక్షరాభ్యాసమునాడు మనము బియ్యములో ఆమె వ్రేలిని పట్టి దిద్దించుతాము. ఆనాడు గీత వంకరపోయినదని ఎవరూ నవ్వరు. ఆరేండ్లు వచ్చేసరికి ఆ చేయి విడిచి తప్పును పట్టుకొంటాము. దీపావళినాడు మేము చేసినది అదే. నిన్నటి సాయంకాలము మనుమరాలిని కూర్చోబెట్టుకొని, "ఆనాడు నీవు అన్నది తప్పు కాదమ్మా, నవ్వినది మా తప్పు" అని చెప్పినాము. పఱ్ఱు, పట్టు, పిడి కథ అంతా చెప్పినాము. ఆమె శ్రద్ధగా విన్నది. విని, "సరి తాత్తా" అని తమిళములోనే అన్నది.

ఒక్కనాటి నవ్వును ఒక్కనాటి ప్రసంగము తుడిచివేయదు. దానికి ఎంత కాలము పట్టుతుందో అంత కాలమూ మేము కాచుకొని ఉంటాము. మీ ఇండ్లలో ఇటువంటి నవ్వు పుట్టకముందే ఆపుకొందురని ఈ సంగతి దాచకుండ చెప్పినాము.

 ఈ నూతన సంవత్సరము మీ ఇండ్లలో పంటకు పిందె, పిల్లలకు చదువు, కంటికి నిద్ర చక్కగా పట్టేటట్లు అనుగ్రహించుగాక.